తెలుగు పుస్తకం దొరకాలంటే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో ఏముండాలి?

ఏక్‌బాల్‌పూర్ (కోల్‌కతా): విజయవాడలోనో, హైదరాబాదులోనో ఒక తెలుగు పుస్తకం వెలువడితే దాని ప్రతి ఒకటి 30 రోజుల్లోగా, ప్రచురణకర్త సొంత ఖర్చుతో, కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి చేరాలి. పుస్తకాలను గ్రంథాలయాలకు అందజేయడంపై 1954లో వచ్చిన చట్టం విధించిన బాధ్యత ఇది. ఆ గ్రంథాలయం ఏక్‌బాల్‌పూర్‌కు పొరుగునే, అలీపూర్‌లోని బెల్వెడేర్ ఆవరణలో ఉంది. పుస్తకాన్ని అక్కడిదాకా చేర్చే పని చట్టానిది. అక్కడి నుంచి దానిని పాఠకుడి చేతికి చేర్చే పని మాత్రం సూచీది, ఆ సూచీని నడిపే సాఫ్ట్‌వేర్‌ది.

దేశంలోని గ్రంథాలయాలు కొన్ని దశాబ్దాలుగా కార్డు పెట్టెలను వదిలి కంప్యూటర్ల వైపు కదులుతున్నాయి. వేర్వేరు సంస్థల గ్రంథాలయాలు ఒకే సాఫ్ట్‌వేర్ కింద పనిచేయడం ఇప్పుడు సాంకేతికంగా కష్టమేమీ కాదు. అయితే సాఫ్ట్‌వేర్ కలిసినంత మాత్రాన గ్రంథాలయాలు కలవవు. పుస్తకం వివరాన్ని ఒకే పద్ధతిలో, ఒకే లిపిలో, ఒకే పేరుతో నమోదు చేసినప్పుడే అవి నిజంగా కలుస్తాయి. తెలుగు విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

విభాగాలుగా ఎందుకు?

గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను సాధారణంగా మాడ్యూళ్లుగా, అంటే విడివిడి పనులు చేసే విభాగాలుగా నిర్మిస్తారు. పుస్తకాల కొనుగోలుకు ఒకటి, సూచీ తయారీకి ఒకటి, పత్రికల సంచికల నమోదుకు ఒకటి, సభ్యులకు పుస్తకాలు ఇచ్చి తిరిగి తీసుకోవడానికి మరొకటి ఉంటాయి. పాఠకులు స్వయంగా వెతుక్కునే బహిరంగ సూచీ, నివేదికలు, పరిపాలన వేరే విభాగాలు.

ఈ విభజన వల్ల చిన్న గ్రంథాలయం తనకు అవసరమైనంత వరకే వాడుకోవచ్చు. పత్రికలు తెప్పించని శాఖా గ్రంథాలయానికి పత్రికల విభాగంతో పనిలేదు. పుస్తకాలు బయటికి ఇవ్వని పరిశోధన సంస్థకు ఆలస్య రుసుము లెక్క అక్కరలేదు. అవసరం పెరిగిన రోజున కొత్త విభాగాన్ని జోడిస్తే సరిపోతుంది. పాత నమోదులను మళ్లీ టైపు చేయనక్కరలేదు.

విభాగాలు వేరైనా వాటన్నిటికీ ఆధారం ఒకటే: పుస్తకం గురించిన నమోదు. కొనుగోలు విభాగంలో పుస్తకం పేరు ఎక్కిన క్షణం నుంచి అదే నమోదు సూచీలోకి, అరువు ఖాతాలోకి, నివేదికలోకి ప్రయాణిస్తుంది. మొదట్లో జరిగిన అక్షరదోషం కూడా అదే దారిన అన్ని చోట్లకూ వెళ్తుంది.

హైదరాబాదు ప్రయోగం

ఈ రంగంలో తెలుగు నేల నుంచి వచ్చిన గట్టి ప్రయత్నం న్యూజెన్‌లిబ్. హైదరాబాదులోని వెరస్ సొల్యూషన్స్ సంస్థ దీనిని నిర్మించింది. గ్రంథాలయ శాస్త్రానికి సంబంధించిన మార్గదర్శనం అదే నగరంలోని కేశవన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అండ్ నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ నుంచి అందింది. తొలి రూపం 2005 మార్చిలో విడుదలైంది. 2008 జనవరి 9న దానిని ఓపెన్ సోర్స్‌గా ప్రకటించారు. అంటే మూల సంకేతాన్ని ఎవరైనా చూడవచ్చు, తమ అవసరానికి తగినట్టు మార్చుకోవచ్చు.

కేశవన్ అన్న పేరు పాఠకులను మళ్లీ కోల్‌కతాకే తీసుకువస్తుంది. స్వతంత్ర భారతంలో జాతీయ గ్రంథాలయానికి తొలి అధిపతి బి.ఎస్.కేశవన్. 1948లో ఇంపీరియల్ లైబ్రరీ పేరు జాతీయ గ్రంథాలయంగా మారినప్పుడు, 1953 ఫిబ్రవరి 1న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని బెల్వెడేర్‌లో ప్రజలకు తెరిచినప్పుడు బాధ్యతల్లో ఉన్నది ఆయనే. దేశంలోని అన్ని ప్రధాన భాషల పుస్తకాలకూ ఒకే జాబితా ఉండాలన్న జాతీయ గ్రంథసూచి పనికి పునాది కూడా ఆయన కాలంలోనే పడింది.

దేశంలో ఇతర ప్రయత్నాలూ ఉన్నాయి. విశ్వవిద్యాలయాల కోసం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ‘సోల్’ను రూపొందించింది. ప్రభుత్వ గ్రంథాలయాల కోసం జాతీయ సమాచార కేంద్రం ‘ఈ-గ్రంథాలయ’ను అభివృద్ధి చేసింది. కోల్‌కతా గ్రంథాలయాలను ఒక వలగా కలిపేందుకు 1990లలో కాలిబ్‌నెట్ ఏర్పడగా, దానికోసం సీఎంసీ సంస్థ ‘మైత్రేయి’ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసింది.

ప్రపంచవ్యాప్తంగా విస్తృతంగా వాడుకలో ఉన్న ‘కోహా’ న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయాల కోసం పుట్టింది. పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరాన్ని గుర్తించలేదన్న భయంతో మొదలైన ఆ పని అదే ఏడాది జనవరిలో వినియోగంలోకి వచ్చింది. కోహా అంటే మావోరీ భాషలో కానుక. పేరుకు తగ్గట్టే దానిని ఉచితంగా పంచారు.

సంస్థలు వేరు, సూచీ ఒకటి

పలు సంస్థలు ఒకే వ్యవస్థను పంచుకోవడానికి స్థూలంగా రెండు మార్గాలున్నాయి. మొదటి దానిలో ఒకే సర్వర్‌పై ఒకే సూచీ ఉంటుంది. ఒక్కో గ్రంథాలయం అందులో ఒక శాఖగా నమోదవుతుంది. పుస్తకం వివరం ఒక్కసారే రాస్తారు, దాని కింద ఏ శాఖలో ఎన్ని ప్రతులున్నాయో చేరుస్తారు. ఒక జిల్లాలోని ప్రభుత్వ గ్రంథాలయాలకు ఇది అనువైన పద్ధతి.

రెండో మార్గంలో సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా ఒక్కో సంస్థకు వేరే గది కేటాయించినట్టు ఉంటుంది. సభ్యుల వివరాలు, నిబంధనలు, రుసుములు ఒకరివి మరొకరికి కనిపించవు. 2016లో మొదలైన ‘ఫోలియో’ ఈ పద్ధతిలో నిర్మితమైన ఓపెన్ సోర్స్ వేదిక. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2022లో దీనిని ఎంచుకుంది.

వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లు వాడే గ్రంథాలయాలు సైతం మాట్లాడుకోవచ్చు. అందుకు ఉమ్మడి భాష మార్క్. 1960లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వంలో రూపొందిన ఈ పద్ధతిలో పుస్తకంలోని ప్రతి వివరానికీ ఒక సంఖ్య ఉంటుంది. రచయిత పేరు 100లో, పుస్తకం పేరు 245లో, ఐఎస్‌బీఎన్ 020లో చేరతాయి. ఒక గ్రంథాలయం తయారు చేసిన నమోదును మరొకటి యథాతథంగా తీసుకోగలగడానికి ఈ సంఖ్యలే కారణం.

ఒక పేరు, ఎన్నో రూపాలు

సంఖ్యలు సరిపోలినా వాటిలో రాసిన అక్షరాలు సరిపోలకపోతే అన్వేషణ విఫలమవుతుంది. ఏక్‌బాల్‌పూర్ పేరే ఇందుకు మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో దీని చివరి భాగాన్ని ‘పోర్’ అని కొందరు, ‘పూర్’ అని కొందరు రాస్తారు. తెలుగులో ఇక్బాల్‌పూర్, ఎక్బాల్‌పూర్ అనే రూపాలూ సాధ్యమే.

కంటికి కనిపించని తేడా మరొకటుంది. ‘ఏక్‌బాల్‌పూర్’ అని టైపు చేసినప్పుడు క-బ, ల-ప అక్షరాలు ఒత్తులుగా కలిసిపోకుండా రెండు చోట్ల ఒక అదృశ్య సంకేతం చేరుతుంది. అది లేకుండా రాస్తే పదం ‘ఏక్బాల్పూర్’గా మారుతుంది. పాఠకుడికి రెండూ ఒకటే. ఆ సంకేతాన్ని వెతుకులాటలో పట్టించుకోవద్దని చెప్పని సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ఊళ్లు. కోల్‌కతా, సాఫ్ట్‌వేర్ వంటి మాటలన్నిటికీ ఇదే ఇబ్బంది.

రచయితల పేర్లలో చిక్కు మరింత లోతైనది. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒక్కరే. చలం, గుడిపాటి వెంకటచలం ఒక్కరే. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి ఒక్కరే. ఒక గ్రంథాలయం ఒక రూపంలో, మరొకటి ఇంకో రూపంలో నమోదు చేస్తే ఉమ్మడి సూచీలో ఒకే రచయిత ఇద్దరవుతాడు. ఆయన పుస్తకాలు రెండు చోట్లకు చీలిపోతాయి.

తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది. పేరులోని చివరి మాటే ఇంటిపేరు అనుకునే పాశ్చాత్య అలవాటుతో నిర్మించిన వ్యవస్థ విశ్వనాథ సత్యనారాయణను ‘సత్యనారాయణ’ వరుసలో పెడుతుంది. ‘విశ్వనాథ’ కింద వెతికినవారికి ఆ వరుసలో ఆయన కనిపించరు.

దీనికి గ్రంథాలయ శాస్త్రం ఎప్పుడో పరిష్కారం చూపింది. ప్రతి రచయితకు ఒక ప్రామాణిక నామాన్ని నిర్ణయించి, మిగిలిన రూపాలన్నిటినీ దానికి దారి చూపే పేర్లుగా నమోదు చేయాలి. మార్క్ పద్ధతిలో ఇందుకు ప్రత్యేక పత్రమే ఉంది. ప్రామాణిక నామం 100లో, ఇతర రూపాలు 400లో చేరతాయి. పాఠకుడు ఏ పేరుతో వెతికినా ఒకే చోటికి చేరతాడు. పేరున్న సాఫ్ట్‌వేర్‌లలో ఈ సదుపాయం ఉంటుంది. దానిని నింపవలసింది మాత్రం తెలుగు సాహిత్యం తెలిసిన మనుషులు.

రోమన్ లిపి వారసత్వం

బెల్వెడేర్ ఆవరణలోనే ఉన్న కేంద్ర పరామర్శ గ్రంథాలయం 1957 నుంచి జాతీయ గ్రంథసూచిని వెలువరిస్తోంది. పలు భాషల పుస్తకాలను ఒకే వరుసలో చేర్చవలసి రావడంతో దాని ప్రధాన సంచికకు రోమన్ లిపిని ఎంచుకున్నారు. ఆ నాటికి అది సహేతుకమైన నిర్ణయం. అన్ని భారతీయ లిపులనూ ఒకే యంత్రంపై అచ్చువేసే వీలు అప్పట్లో లేదు.

భారతీయ లిపులను రోమన్‌లోకి మార్చే ఒక పద్ధతి నేటికీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయం పేరుతోనే ప్రసిద్ధం. సంస్కృతం కోసం పుట్టిన పద్ధతుల్లో ఎ, ఏ అనే తేడా, ఒ, ఓ అనే తేడా ఉండవు. ఆ తేడాను గుర్తించి తెలుగు వంటి ద్రావిడ భాషలకు చోటిచ్చిన పద్ధతి ఇది.

అయితే అది పండితులకు అనువైనంతగా సామాన్య పాఠకుడికి అనువు కాదు. ఆ పద్ధతిలో ‘చ’కు ఇంగ్లీషు ‘సి’ అక్షరం ఒక్కటే వాడతారు. ‘సి’ పక్కన ‘హెచ్’ చేరితే అది ‘ఛ’. ఇంగ్లీషు అలవాటు కొద్దీ రెండు అక్షరాలూ టైపు చేసి చలం పుస్తకాల కోసం వెతికే పాఠకుడికి సూచీ ఏమీ లేదని చెబుతుంది. పుస్తకం బీరువాలో ఉన్నా ఫలితం శూన్యం.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది. మార్క్ 21లో 880 సంఖ్యతో ఉన్న క్షేత్రం ఒకే వివరాన్ని రోమన్‌తో పాటు సొంత లిపిలోనూ నమోదు చేయడానికి వీలు కల్పిస్తుంది. కనుక పాత రోమన్ సూచీని పారేయనక్కరలేదు, దాని పక్కనే తెలుగును చేర్చవచ్చు. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో టైపు చేసిన నమోదులను మాత్రం మార్పిడి చేసి సరిచూసుకోక తప్పదు.

ఐఎస్‌బీఎన్ వాడుకలోకి రాకముందు అచ్చయిన వేలాది తెలుగు పుస్తకాలకు ఇది మరింత ముఖ్యం. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి పాత గ్రంథాలయాల నిధిలో అలాంటి పుస్తకాలు ఉన్నాయి. రెండు చోట్ల ఉన్నది ఒకే పుస్తకమని యంత్రం గుర్తించడానికి వాటి పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం వంటి వివరాలే ఆధారం.

సందర్శకుల లెక్క

గ్రంథాలయానికి ఎందరు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అన్న వివరాలు ఒకప్పుడు ద్వారం దగ్గరి పుస్తకంలో ఉండేవి. ఇప్పుడు సభ్యత్వ కార్డుపై బార్‌కోడ్ చూపితే రాకపోకలు నమోదవుతాయి. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గ్రంథాలయ రోజువారీ వినియోగాన్నీ అడుగుతూ రావడంతో విద్యాసంస్థల్లో ఈ విభాగానికి ప్రాధాన్యం పెరిగింది.

సందర్శకుల లెక్క, అరువు ఖాతా ఒకే వ్యవస్థలో చేరితే ఎవరు ఎప్పుడు వచ్చి ఏం చదివారో ఒక్క చోటే తెలిసిపోతుంది. సంస్థలు కలిసినప్పుడు ఆ సమాచారం ఎవరి కంటపడుతుందన్న ప్రశ్న తప్పదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణకు 2023లో దేశంలో చట్టం వచ్చింది. పుస్తకం తిరిగి వచ్చాక అరువు చరిత్ర నుంచి పాఠకుడి పేరును తొలగించే సదుపాయం కోహాలో ఉంది. దానిని అమలు చేయాలా వద్దా అన్నది గ్రంథాలయం తీసుకోవలసిన నిర్ణయం.

ఎంచుకునే ముందు

సాఫ్ట్‌వేర్ ఎంపికలో గ్రంథాలయాలు ముందుగా పరీక్షించవలసినవి కొన్ని ఉన్నాయి. తెలుగులో టైపు చేసిన పేరు తెలుగులోనే దొరుకుతోందా? ‘మహాభారతము’ అని వెతికితే ‘మహాభారతం’ కూడా కనిపిస్తోందా? ఒక రచయిత అన్ని పేర్లూ ఒకే చోటికి చేరుతున్నాయా? అక్షరక్రమం తెలుగు వర్ణమాల వరుసలో ఉందా? రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలంటే నమోదులన్నీ మార్క్ రూపంలో బయటికి వస్తాయా?

ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. సొంత బీరువాలోని పదిపుస్తకాలను నమోదు చేసి, గ్రంథాలయ ఉద్యోగి కాని ఒక పాఠకుడి చేత వెతికించి చూస్తే చాలు.

పశ్చిమ బెంగాల్‌లో తెలుగువారి ఉనికి కొత్తది కాదు. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలతో ఖరగ్‌పూర్‌లో పెద్ద తెలుగు సమాజమే ఏర్పడింది. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికారిక గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. అక్కడి విద్యార్థి ఒకరు తెలుగులో ‘చలం’ అని టైపు చేసి, బెల్వెడేర్‌లో ఉన్న ప్రతిని, హైదరాబాదులో ఉన్న ప్రతిని ఒకే తెరపై చూడగలగాలి. అందుకు కావలసిన సాధనాలు ఇప్పటికే ఉన్నాయి. మిగిలింది నమోదులను సరిచేసే పని.