మన ఎండలో మన పిల్లల ఉద్యోగాలు



కరవు తెచ్చిందని తిట్టుకున్న ఎండే ఇప్పుడు సీమకు కరెంటు ఇస్తోంది. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. కడప జిల్లా మైలవరంలోనూ పార్కు ఉంది. స్థలం, కరెంటు లైన్లు ప్రభుత్వ సంస్థలే చూసుకోవడంతో కంపెనీలు వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వ 2024 క్లీన్ ఎనర్జీ పాలసీ లక్ష్యం 7.5 లక్షల ఉద్యోగాలు.

అయితే ఒక్క మాట. పార్కు కట్టేటప్పుడు చాలామందికి పని దొరుకుతుంది; కట్టాక నడపడానికి కొద్దిమంది చాలు. నిలకడైన పని చేతిలో నైపుణ్యం ఉన్నవారికే: ప్యానెళ్ల తయారీ, ఇళ్లపై సోలార్ బిగింపు, మరమ్మతులు, విద్యుత్ నిల్వ. ఇంటిపై సోలార్‌కు కేంద్రం రూ.78,000 వరకు రాయితీ ఇస్తోంది కాబట్టి ఈ పని మన వీధిలోకే వస్తుంది.

ఇంటర్ తర్వాత సీఎస్‌ఈ ఒక్కటే దారి కాదు. ఎలక్ట్రికల్ గురించి కూడా మీ పిల్లలతో మాట్లాడండి.