బందరు నుంచి అమెరికాకు పాట్నా మీదుగా

గుడివాడ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "శాన్‌ఫ్రాన్సిస్కోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తుంటే, సీటు ముందు తెరమీద విమానం దారి ఉత్తరానికి బాగా వంగి కనిపించింది. తిన్నగా పోకుండా ఈ చుట్టు తిరుగుడు ఎందుకండీ?"

చుట్టు కాదండీ, అదే దగ్గర దారి! ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస మీ ఊరి దగ్గరి బందరు మీద, రెండోది శాన్‌ఫ్రాన్సిస్కో మీద అదిమిపట్టి బిగించండి. దారం బంగాళాఖాతంలోకి దిగనే దిగదు. ఉత్తరానికి తిరిగి, కాస్త తూర్పుకు ఒరిగి పాట్నా మీదికి వస్తుంది! ఎవరెస్టుకు కొంచెం పడమరగా హిమాలయాలు దాటి, టిబెట్, మంగోలియా, సైబీరియా మీదుగా 69వ అక్షాంశం దాకా ఎగబాకి, అలాస్కా మీదుగా దిగుతుంది. మొత్తం సుమారు 13,500 కిలోమీటర్లలో పసిఫిక్ మీద పోయేది చివరి 3,000 మాత్రమే.

కిటుకు ఇదీ. ఉత్తరానికి పోయేకొద్దీ అక్షాంశ వృత్తాలు చిన్నవైపోతాయి. ఒక డిగ్రీ రేఖాంశం దాటాలంటే బందరు దగ్గర 107 కిలోమీటర్లు పోవాలి. 69వ అక్షాంశం దగ్గర 40 చాలు. శాన్‌ఫ్రాన్సిస్కో మనకు తూర్పున 156 డిగ్రీల అవతల ఉంది. ఆ డిగ్రీలను చవకగా దొరికే చోటికి వెళ్ళి దాటాలి. మరీ పైకెక్కితే ఎక్కిదిగే దూరం పెరుగుతుంది. ఎక్కడ ఆగాలో బిగించిన దారం తనంతట తానే తేల్చేస్తుంది. ఎంత అందమైన విషయం!

పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట పోతే 15,500 కిలోమీటర్లు దాటుతుంది. అంటే రెండు గంటలకు పైగా దండగ. అయినా బడి గోడ మీది పటం చూసి అదే దగ్గరని నమ్ముతాం. ఆ పటం గీసే పద్ధతి మెర్కేటర్ అనే పటాల నిపుణుడిది, 1569 నాటిది. ఆయన్ని తప్పుపట్టలేం. దిక్సూచిని ఒకే కోణంలో ఉంచి ఓడ నడిపేవాళ్ళకు తిన్నని గీత కావాలి. దానికోసం ఉత్తరాన్ని సాగదీశాడు, 60వ అక్షాంశం దగ్గర ఏకంగా రెండింతలు. ఆ గీత దగ్గర దారి కాదని పోర్చుగీసు గణితజ్ఞుడు పెడ్రో నూనెస్ 1537లోనే చెప్పాడు. బందరులో కోఠీ పెట్టుకున్న డచ్చివారికి మాత్రం ఇబ్బంది రాలేదు. భూమధ్యరేఖకు చేరువలో, బందరు నుంచి జావాకు రెండు దారులూ దాదాపు ఒకటే.

ఇలాంటి దగ్గర దారినే, 2021 జనవరిలో జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉన్న ఎయిరిండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. సుమారు 14,000 కిలోమీటర్లు, 17 గంటలు.

నిజమైన విమానం దారం మాట పూర్తిగా వినదు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి. టిబెట్ నేలే అంతకంటే ఎత్తు, అందుకే విమానాలు సాధారణంగా ఆ దారి తప్పిస్తాయి. ఇక దుబాయిలో విమానం మారి వెళ్ళే గుడివాడ, దివిసీమ తల్లిదండ్రుల సంగతి చెప్పాలా? దుబాయి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకే 13,000 కిలోమీటర్లు. అరేబియా సముద్రం మీద ఎగిరిన దూరమంతా అదనమే.