ఇడ్లీ బండి లెక్క

ఫాస్ట్ ఫుడ్ అనగానే మనకు నూడుల్స్ బండి గుర్తుకు వస్తుంది. అయితే తెల్లవారుజామున దర్శి బస్టాండులో దిగి, ఐదు నిమిషాలలో తిని పనికి పోయేవారికి అసలైన ఫాస్ట్ ఫుడ్ ఇడ్లీయే. టిఫిను బండి మీదనే పిల్లలను చదివించుకొనే సహోదరీలు మన సంఘాలలోను ఉన్నారు. ఈ కొద్ది సంవత్సరాలలో వారి పనీ మారింది, లెక్కా మారింది.

పూర్వము మినప్పప్పును రుబ్బురోటిలోనే రుబ్బేవారు. రెండు కిలోలు పూర్తయ్యేసరికి భుజాలు పడిపోయేవి. ఇప్పుడు ఆ పని కోయంబత్తూరులో పుట్టిన గ్రైండరు చేస్తున్నది. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది. గ్రైండరులో రాళ్లు నెమ్మదిగా తిరుగుతాయి గనుక పిండి చల్లగా ఉండి బాగా పొంగుతుంది.

సుఖము కోసమే దానిని కొన్నారనుకోకండి. మిరపకాయ కోతలు మొదలైతే రుబ్బడానికి, గిన్నెలు కడగడానికి మనిషి దొరకదు. చేలో కూలి ఎక్కువ గిడుతుంది మరి! కూలి ఎక్కడ పెరిగితే యంత్రము అక్కడికి వస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్ నుండి పెద్ద ఫాస్ట్ ఫుడ్ సంస్థలు పనివారికి గంటకు కనీసము 20 డాలర్లు ఇవ్వాలి. అటువంటి హోటళ్లలో ఇప్పుడు తెర మీద వేలితో నొక్కి ఆర్డరు ఇస్తున్నారు. బెంగళూరులో దోసె పోసే యంత్రమే తయారైంది. దర్శిలో మాత్రము గరిటె ఇంకా మనిషి చేతిలోనే ఉంది.

ధరల సంగతి వేరు. బండి మీద వాడవలసినది 19 కిలోల వాణిజ్య సిలిండరు. 2021 నవంబరులో ఢిల్లీలోనే దాని ధర 2,000 రూపాయలు దాటింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధముతో నూనె మండిపోయింది. మన డెల్టాలో మినుముకు పల్లాకు తెగులు సోకితే పప్పు కోసము బర్మా వైపు చూడాలి. 2025లో మిర్చి ధర పడిపోయి రైతు కుదేలయ్యాడు గదా, చట్నీ అయినా చౌక కాలేదా అని అడగవచ్చు. ప్లేటు చట్నీలో పడే కారమెంత? చిటికెడు.

ప్లేటుకు ఐదు రూపాయలు పెంచితే రోజూ వచ్చే కూలివారు పక్క బండికి పోతారు. అందుకే ఇడ్లీ చిన్నదవుతుంది, రెండవ చట్నీ మాయమవుతుంది. ఇంకొక శోధన కూడ ఉంది. ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరు చౌక. దానిని వ్యాపారానికి వాడడము నేరము. "అందరూ వాడుతున్నారు" అనే మాట ఆ సహోదరీలు రోజూ వింటూనే ఉంటారు.

నాకు తెలిసిన ఒకామె ఆ మాట వినలేదు. రెండవ చట్నీ మానివేసింది, భర్తను గిన్నెల దగ్గర కూర్చోబెట్టింది. ఆమె పాత రుబ్బురోలు ఇంటి వెనుక వేపచెట్టు క్రింద ఉంది. వానకు నీళ్లు నిలిస్తే కోళ్లు త్రాగుతున్నాయి. అమ్మివేయరాదా అంటే, "కరెంటు పోయిన రోజున?" అన్నది.