మంచు ఊళ్లో డేవిడ్ నివెన్ కాపురం

1999 మార్చి 1వ తేదీ. స్విట్జర్లాండ్ కొండల నడుమ షాటో డే అనే చిన్న ఊరు. చుట్టూ మంచు. ఊరి జనమంతా మెడలు ఎత్తి చూస్తుండగా ఒక పెద్ద బెలూన్ మెల్లగా పైకి లేచింది. అందులో ఇద్దరు మనుషులు - బెర్ట్రాండ్ పికార్, బ్రయన్ జోన్స్. ఎక్కడా ఆగకుండా భూమి చుట్టూ తిరిగి, మూడు వారాల తర్వాత ఈజిప్టులో దిగారు. బెలూన్‌లో ఏకబిగిన ప్రపంచాన్ని చుట్టి రావడం మానవ చరిత్రలో అదే మొదటిసారి.

సినిమా పత్రికలో ఈ బెలూన్ గొడవేమిటి అంటారా? వస్తున్నా. దానికి 43 ఏళ్ల ముందే తెరమీద ఒక దొరగారు బెలూన్ ఎక్కి ప్రపంచయాత్రకు బయలుదేరాడు. 1956లో వచ్చిన 'అరౌండ్ ద వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్'లో ఫిలియాస్ ఫాగ్! మన దేశం మీదుగా వెళ్తూ, సతీసహగమనం చేయించబోతున్న రాకుమారిని చితి మీదనుంచి తప్పించి తీసుకుపోయేది కూడా ఆయన బృందమే. ఆ పాత్ర వేసిన డేవిడ్ నివెన్ సమాధి ఉన్నది ఈ షాటో డే ఊరి శ్మశానంలోనే. బెలూన్ ఎగిరిన మార్చి 1 ఆయన పుట్టినరోజు. 1910లో పుట్టాడు. ఇంకో ముచ్చట - 1971లో వచ్చిన ఆయన ఆత్మకథ పేరులోనూ బెలూన్ ఉంది, 'ద మూన్స్ ఎ బెలూన్' అని. కథకుడెవడైనా ఇలా రాస్తే 'మరీ అతికించాడయ్యా' అంటాం!

ఇంగ్లీషువాడు, హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్నవాడు, ఈ కొండల్లోకి వచ్చి ఎందుకు కాపురం పెట్టాడు? బ్రతికిన చివరి 23 చలికాలాలకు ఈ ఊరినే ఇల్లు ఎందుకు చేసుకున్నాడు?

పన్నుల బాధ అన్నారు అందరూ. నిజమే. సంపాదించిందాంట్లో సింహభాగం సర్కారుకి పోతుంటే, స్విట్జర్లాండ్‌లో పన్ను తక్కువని సినిమావాళ్లు చాలామంది అటు వెళ్లారు. కానీ పన్ను కోసమే అయితే జెనీవాలో ఒక ఫ్లాటు తీసుకుని తలుపుకి పేరు తగిలిస్తే సరిపోయేది. పిల్లల్ని వెంటేసుకుని, గుమ్మం ముందు నడుం లోతు మంచు పడే ఊళ్లో ఉండనక్కర్లేదు.

ఇల్లు లేని కుర్రాడు

నివెన్‌కి అయిదేళ్లప్పుడు, 1915లో, తండ్రి గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. పిల్లవాణ్ణి బోర్డింగు స్కూళ్లకు పంపారు. సవతి తండ్రితో పడలేదు. అల్లరి చేసి స్కూల్లోంచి గెంటించుకున్నాడు. ఆ తర్వాత సైన్యం, ఆ తర్వాత హాలీవుడ్ ఎక్‌స్ట్రా వేషాలు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే చేతిలో ఉన్న సినిమాలు వదిలేసి ఇంగ్లండ్ వెళ్లి మళ్లీ సైన్యంలో చేరాడు. 1940లో ప్రిమ్యులా అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు మగపిల్లలు పుట్టారు.

యుద్ధం అయిపోయింది. 1946లో భార్యనీ పిల్లల్నీ హాలీవుడ్ తీసుకొచ్చాడు. వచ్చిన కొద్ది వారాలకే ఒక రాత్రి నటుడు టైరోన్ పవర్ ఇంట్లో విందు. భోజనాలయ్యాక దీపాలు ఆర్పేసి దాగుడుమూతల లాంటి ఆట మొదలుపెట్టారు. చీకట్లో ప్రిమ్యులా దాక్కోవడానికి ఒక తలుపు తీసింది. లోపల బట్టల అలమర ఉంటుందనుకుంది. ఉన్నవి నేలమాళిగ మెట్లు. రాతి మెట్లమీద నుంచి పడిపోయింది. బ్రతకలేదు. ఆమెకి 28 ఏళ్లు. చిన్నవాడికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

తెరమీద నివెన్‌ని చూసినవాళ్లకు ఇదంతా తెలియదు. సన్నని మీసం, మడత నలగని సూటు, ఎంతటి ఆపదలోనైనా ఒక చమత్కారం. 1948లో స్వీడన్‌కు చెందిన మోడల్ హియోర్డిస్‌ని, పరిచయమైన కొద్ది రోజులకే పెళ్లాడాడు. 'సెపరేట్ టేబుల్స్' చిత్రంలో తెరమీద అరగంట కూడా కనిపించని పాత్రకి ఉత్తమ నటుడిగా ఆస్కార్ గెలుచుకున్నాడు. ఆ బహుమతి చేతికొచ్చిన మరుసటి ఏడాదే, 1960లో, హాలీవుడ్ నుంచి మకాం ఎత్తేసి షాటో డేలో చెక్క ఇల్లు కొన్నాడు. అప్పటికి యాభయ్యేళ్లు. ఆ తర్వాత దంపతులు ఇద్దరు ఆడపిల్లల్ని దత్తత తీసుకున్నారు. ఎండాకాలానికి ఫ్రాన్సు సముద్రతీరంలో ఇంకో ఇల్లుండేది. చలికాలం మాత్రం కొండల్లోనే.

మంచంటే పాట కాదు

మన సినిమాల్లో మంచుకొండ అంటే ఏమిటి? ఒక పాట. హీరోకి ఉన్ని కోటు, మఫ్లరు. హీరోయిన్‌కి పల్చటి షిఫాన్ చీర. 'చాందినీ' (1989) కోసం శ్రీదేవి ఆ చలిలో చీరకట్టుతో ఎలా నిలబడిందో తలుచుకుంటే మనకి వణుకు పుడుతుంది. నాలుగు రోజులు తీసి, అయిదో రోజు యూనిట్ విమానం ఎక్కేస్తుంది. అన్నట్టు, ఈ లోయ మనకి కొత్తేం కాదు. షాటో డే మీదుగా వెళ్లే చిన్న రైలు మార్గంలోనే 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' (1995) యూరప్ సన్నివేశాలు చాలా తీశారు. కాజోల్ ప్రార్థన చేసే చర్చి అటువైపు మోంబోవాన్‌లో ఉంది. ఇటువైపు అరగంట లోపే రైల్లో సానెన్ వస్తుంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1961 నుంచి 1985 దాకా ఏటా వేసవిలో ఉపన్యాసాలిచ్చిన సానెన్ అదే. పశువుల డాక్టర్లు సానెన్ జాతి మేక అంటారే, ఆ తెల్ల మేక ఊరు కూడా అదే!

ఆ ఊళ్లో చలికాలమంతా ఉండేవాళ్లకి మంచు వేరు. పొద్దున్నే లేచి పార పట్టుకుని దారి చేసుకోవాలి. ఇంటి కప్పులు ముందుకి చాచి కట్టడం అందానికి కాదు, జారిపడే మంచు గోడల్ని, గుమ్మాన్ని తినెయ్యకుండా. పశువులు నెలల తరబడి కొట్టంలోనే. మధ్యాహ్నం తిరిగేసరికి సూర్యుడు కొండ వెనక్కి పోతాడు, పోయిన మరుక్షణం చలి ఎముకల్లోకి దిగుతుంది. ఉన్న ఆ నాలుగైదు గంటల ఎండలోనే పిల్లా పెద్దా కొండమీద ఉంటారు - స్కీలు కట్టుకుని.

స్కీయింగ్ మన కంటికి పక్షిలా ఎగరడంలా కనిపిస్తుంది. నేర్చుకునేవాడికి మొదటి వారమంతా పడటం, లేవటం. కాళ్లకి మనిషంత పొడుగు పలకలు ఉంటాయి కదా, పడ్డాక లేవటమే పెద్ద విద్య. తర్వాత ఆగటం నేర్పుతారు - రెండు స్కీల ముందు మొనలు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి, నాగలిలా మంచుని తోస్తూ. ఆగటం వచ్చాకే వేగం. నివెన్ ఆ ఊరొచ్చిన రోజుల్లో బూట్లు తోలువి. లేసులు బిగించి కట్టేసరికి వేళ్లు కొంకర్లు పోయేవి. బకిల్స్ ఉన్న ప్లాస్టిక్ బూట్లు ఆ దశాబ్దం చివర్లో గాని జనానికి రాలేదు. ఇందులో పిల్లలకి ఉన్న వీలు పెద్దలకి లేదు. నేలకి దగ్గరగా ఉంటారు, భయం తెలియదు, వారంలో నాన్నని దాటేసి పోతారు. నాన్న ఎంతటి ఆస్కార్ వీరుడైనా సరే, మంచులో కూలబడితే నవ్వేవాళ్లే గాని చప్పట్లు కొట్టేవాళ్లుండరు. ఊరి స్కీ మాస్టరుకి ఆయన సినిమాలతో పనేముంది, మోకాళ్లు వంచమంటాడు, అంతే. నాకనిపిస్తుంది, బోర్డింగు స్కూళ్లలో పెరిగిన మనిషికి ఆ మధ్యాహ్నాలు ఎంత ఇచ్చి ఉంటాయో అని. కుటుంబమంతా ఒకే కొండ మీద, ఒకరి పాటు చూసి ఒకరు నవ్వుకుంటూ!

అవస్థలూ పడ్డాడు. ఒకసారి చలిలో స్కీయింగ్ చేస్తే, శరీరంలో నలుగురిలో చెప్పుకోలేని చోట గడ్డకట్టిపోయిందట. దాన్ని మద్యం గ్లాసులో ముంచి బ్రతికించుకున్న వైనం బ్రిటిష్ టెలివిజన్‌లో మైకేల్ పార్కిన్‌సన్‌కి చెబుతుంటే జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఇంతకంటే వివరంగా ఇక్కడ రాస్తే ఎడిటర్‌గారు కత్తెర వేస్తారు.

వృత్తి కూడా ఆ మంచుతోనే కలిసింది. బ్లేక్ ఎడ్వర్డ్స్ దర్శకత్వంలో 1963 నాటి 'ద పింక్ పాంథర్'ని ఇటలీలోని కోర్టీనా అనే స్కీయింగ్ ఊళ్లో తీశారు. నగల దొంగ దొరగా నివెనే అసలు హీరో. పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషానికి అనుకున్న పీటర్ ఉస్తినోవ్ ఆఖరి నిమిషంలో తప్పుకుంటే పీటర్ సెల్లర్స్ వచ్చాడు. వచ్చి సినిమాని ఎత్తుకుపోయాడు! తెరమీద దొంగ నివెన్, అసలు దొంగ సెల్లర్స్.

ఇరుగుపొరుగు

ఆ లోయలో చలికాలం ఇరుగుపొరుగు కూడా ఘనమైనదే. పక్కనున్న గ్స్టాడ్‌లో జూలీ ఆండ్రూస్, బ్లేక్ ఎడ్వర్డ్స్ దంపతులు. జేమ్స్ బాండ్ రోజర్ మూర్. వయొలిన్ విద్వాంసుడు యెహుది మెనూహిన్ అక్కడ 1957లోనే సంగీతోత్సవం మొదలుపెట్టాడు. 1961 నుంచి 1963 దాకా మన ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న గాల్‌బ్రెయిత్ కూడా చలికాలం అక్కడికే. రాజకీయాల్లో ఆయనకి బద్ధ విరోధి అయిన రచయిత విలియమ్ బక్లీతో కలిసి స్కీయింగ్ చేసేవాడు. బక్లీ పొద్దున పుస్తకం రాసుకోవడం, మధ్యాహ్నం మంచులో జారడం. ఈ బక్లీ ఇంట్లోనే నివెన్ బొమ్మలు వేసేవాడు. ఓసారి చిత్రకారుడు షాగాల్ వచ్చి అక్కడి బొమ్మలు చూసి, పాపం ఆ రంగుల మీద జాలిపడ్డాడట!

ఇంత కులాసాగానూ సాగలేదు కాపురం. హియోర్డిస్ మద్యానికి అలవాటు పడిందనీ, దంపతుల మధ్య దూరం పెరిగిందనీ జీవిత చరిత్రకారులు రాశారు. నివెన్ తన రెండు జ్ఞాపకాల పుస్తకాల్లోనూ ఆ ఊసే ఎత్తలేదు. లక్షల కొద్దీ ప్రతులు అమ్ముడైన పుస్తకాలవి, నిండా నవ్వులే. ఆయన కబుర్ల కోసం వచ్చిన అతిథులకి చలికాలం పొట్టిది. మొగుడు షూటింగుకి పోయాక అయిదు గంటలకే చీకటిపడే ఊళ్లో మిగిలే ఇల్లాలికి అది ఎంత పొడుగో ఏ పుస్తకంలోనూ లేదు. ఆవిడ తరఫు కథ ఆవిడ రాసుకోలేదు మరి.

మాట పోయింది

1981లో టీవీ ఇంటర్వ్యూలకి వెళ్లినప్పుడు నివెన్ మాట ముద్దగా రావడం జనం గమనించారు. తాగి వచ్చాడనుకున్నారు కొందరు. తాగుడు కాదు. నరాలు, కండరాలు ఒక్కొక్కటే పనిచెయ్యడం మానేసే మందులేని జబ్బు. మెదడుకి అన్నీ తెలుస్తుంటాయి, కాలూ చెయ్యీ నాలుకా వినవు. మాటే ఆస్తిగా బ్రతికిన మనిషికి ముందు పోయింది మాటే.

అయినా సెల్లర్స్ పోయాక బ్లేక్ ఎడ్వర్డ్స్ తీసిన 'ట్రెయిల్ ఆఫ్ ద పింక్ పాంథర్' (1982), 'కర్స్ ఆఫ్ ద పింక్ పాంథర్' (1983) చిత్రాల్లో పాత దొంగ దొర వేషం మళ్లీ వేశాడు. గొంతు పనికిరాలేదు. రిచ్ లిటిల్ అనే మిమిక్రీ కళాకారుడితో డబ్బింగ్ చెప్పించారు. మన దగ్గర డబ్బింగ్ అంటే మామూలే. కానీ ఆ గొంతు కోసమే జనం టిక్కెట్టు కొనే నటుడికి ఇంకొకరి గొంతు పెట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1983 వేసవిలో ఫ్రాన్సు తీరంలోని ఎండ భరించలేక షాటో డే తీసుకుపొమ్మన్నాడు. అన్నేళ్లూ చలికాలానికి మాత్రమే వచ్చే ఇంటికి ఈసారి జూలైలో వచ్చాడు. మంచు లేదు, కొండంతా పచ్చగడ్డి, ఆవుల మెడల్లో గంటలు. జూలై 29న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. 73 ఏళ్లు. ఆయనతో 'ప్రిజనర్ ఆఫ్ జెండా' (1937)లో నటించిన రేమండ్ మాసీ చనిపోయింది కూడా సరిగ్గా ఆ రోజే.

అంత్యక్రియలకు వచ్చిన పూలలో అన్నింటికంటే పెద్ద దండల్లో ఒకటి ఏ స్టూడియో పంపిందో కాదు. లండన్ హీత్రో విమానాశ్రయం పోర్టర్లు పంపింది. సామాను మోసే తమని రాజుల్లా చూసిన పెద్దమనిషి అని దాని మీద రాశారు. శవపేటికని ఊరి శ్మశానానికి తీసుకెళ్లారు. ఆయన పిల్లలతో కలిసి స్కీలు భుజాన వేసుకుని తిరిగిన కొండలు అక్కడినుంచి కనిపిస్తాయి.