నిలువనీడ లేనివారి భారము ఎవరిది?

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదని మనవారు చెప్పుకొందురు. దానికి కాపరులు లేకపోలేదు. ప్రతివాడును రెండవవాడు చూచుచున్నాడని తలచుటచే అది చచ్చినది. మన పట్టణములందు రైలుస్టేషను మెట్లమీదను, బస్సు నిలయపు అరుగులమీదను, వంతెనల క్రిందను, మూసిన అంగళ్ల ముంగిళ్లలోను రాత్రులు గడుపువారి గతియు ఇట్లేయున్నది. వారికొరకు చట్టములు కలవు, శాఖలు కలవు, కొంత ధనమును కలదు. ఫలానా మనిషికి ఈ రాత్రి నేను జవాబుదారుడనని చెప్పువాడుమాత్రము కానరాడు.

ఈ ప్రశ్న స్వల్పమైనది కాదు. 2011 సంవత్సరపు జనాభా లెక్కలలో ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ఇల్లు లేనివారిని ప్రత్యేకముగ లెక్కించిరి. దేశమున 17.73 లక్షలమంది తేలిరి. వారిలో 9.38 లక్షలమంది పట్టణములందున్నవారు. పదేండ్లకు పూర్వము, అనగా 2001లో, పట్టణములందు 7.78 లక్షలమందియే యుండిరి. ఆ పదేండ్లలో గ్రామములందలి సంఖ్య తగ్గినది. పట్టణములందలి సంఖ్య పెరిగినది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశపు వంతు సుమారు 1.45 లక్షలు. ఒక్క రాత్రి దీపము పట్టుకొని వెదకిన లెక్క యిది. లాఠీకి వెరచి చీకటిలో నక్కియున్నవారు దీనికి చిక్కియుండరు. పొలములో పని లేని నెలలయందు మన గ్రామములను విడచిపోయినవారును వీరిలో కలరని గ్రహించినచో, ఇది పట్టణవాసుల గొడవయే యని భూస్వాములు ఊరకుండుటకు వీలులేదు.

పూర్వము మార్గస్థులకు సత్రములుండెడివి. దాత మాన్యమిచ్చెను, ధర్మకర్త అన్నము పెట్టించెను. అన్నము పెట్టనిచో ఎవరిని నిలదీయవలెనో ఊరందరికిని తెలిసియుండెను. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారి కీర్తి నేటికిని నిలిచియుండుటకు కారణమిదియే: ఆకలిగొన్నవాడు ఏ వాకిలి తట్టవలెనో గోదావరి లంకలలో అందరు నెరుగుదురు. 1817వ సంవత్సరపు మదరాసు ఏడవ రెగ్యులేషను దేవాలయములతోపాటు సత్రముల మాన్యముల అజమాయిషీని రెవిన్యూ బోర్డునకు అప్పగించినది. నేడు ధర్మసత్రములు దేవాదాయ శాఖవారి 1987 సంవత్సరపు చట్టము క్రిందికి వచ్చుచున్నవి. నాటి సత్రములన్నియు అందరికిని తెరువబడియుండలేదు. కులభేదము వాకిటనే కావలి కాచుచుండెను. ఆ దోషమును తిరిగి తెచ్చుకొనవలెనని మేము కోరుట లేదు. ఆ యేర్పాటునందుండిన జవాబుదారితనమునుమాత్రము పోగొట్టుకొంటిమని చెప్పుచున్నాము.

నేటి స్థితి యెట్లున్నది? 1993 జూనులో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పట్టణ దారిద్ర్య నిర్మూలనమును పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములలో చేర్చినది. కాని ఆశ్రయ గృహమునకు కావలసిన ప్రభుత్వ స్థలము కలెక్టరుగారి యధీనమున నుండును. రోగి వైద్యశాఖకు చెందినవాడు. వీధిలో నిద్రించువానిని లేపునది పోలీసు శాఖ. బిడ్డయైనచో స్త్రీశిశు సంక్షేమ శాఖ. ప్లాటుఫారముమీద పరుండినచో రైల్వేవారు. పట్టణ పేదలకై రెండు తెలుగు రాష్ట్రములందును మెప్మా యను సంస్థ వేరుగ కలదు. ఒక్క మనిషి ఒక్క రాత్రిలో నాలుగు శాఖల సరిహద్దులు దాటుచున్నాడు. దాటినప్పుడెల్ల అతని కాగితము వెనుకనే నిలిచిపోవుచున్నది.

ఇందలి యపాయమును ఢిల్లీ నగరము బయటపెట్టినది. 2009 డిసెంబరులో, చలి ముదిరిన దినములలో, పూసారోడ్డు కూడలివద్ద నిరాశ్రయులకై యున్న తాత్కాలిక బసను ఆ నగరపాలక సంస్థవారు తొలగించిరి. ఆశ్రయమీయవలసిన సంస్థయే ఉన్న ఆశ్రయమును తీసివేసినది. ఢిల్లీ హైకోర్టు తనంతట తాను విచారణకు పూనుకొనెను. 2010 జనవరిలో సుప్రీంకోర్టు, ఆహారపు హక్కు వ్యాజ్యములో తాను నియమించిన కమిషనర్ల లేఖ నందుకొని, ఆశ్రయములు వెంటనే కల్పింపవలెనని ఉత్తరువు చేసెను. పిమ్మట ఇతర పెద్ద నగరములకును ఆ విధిని విస్తరింపజేసెను. ఆ సంవత్సరమే ఢిల్లీలో చట్టము చేసి ఆశ్రయ గృహములభారమును ఒకే బోర్డు క్రిందికి తెచ్చిరి. అచ్చట భూమిలో పెక్కుభాగమును పోలీసులును కేంద్రప్రభుత్వము చేతిలో నుండుటచే చిక్కులన్నియు తీరలేదు. అయినను, అడుగుటకు ఒక చిరునామా యేర్పడినది.

2013లో కేంద్రప్రభుత్వమువారు పట్టణ జీవనోపాధి మిషనులో నిరాశ్రయుల గృహములకై యొక పథకమును చేర్చిరి. లక్ష జనాభాకు కనీసము నూరుమందికి శాశ్వత వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, రాత్రింబగళ్లు తెరచియుండుట దాని నియమములు. వ్యయమునందు మొదట కేంద్రమునకు 75 పాళ్లు, రాష్ట్రమునకు 25 పాళ్లు. తరువాత అది 60కి 40గా మారినది. గృహము పురపాలక సంఘమువారిది. నడుపువారు సాధారణముగ స్వచ్ఛంద సంస్థలవారు. మంజూరు చేయునది రాష్ట్రపు సంఘము. ధనమున్నను గృహములు లేవలేదను ఫిర్యాదుపై 2016 నవంబరులో సుప్రీంకోర్టువారు విశ్రాంత న్యాయమూర్తి కైలాస్ గంభీరుగారి యధ్యక్షతన ముగ్గురి సంఘమును నియమింపవలసివచ్చినది. సొమ్ము చాలక పని చెడుట వేరు. సొమ్ము మూలుగుచుండ పని చెడుట వేరు. రెండవది మందలింపదగిన నేరము. ఆ మిషను గడువు 2024 సెప్టెంబరుతో ముగిసినది. పథకమునకు గడువుండును గాని చలికిని వానకును గడువు లేదు. కావున ఈ భారము పురపాలక సంఘపు సొంత బడ్జెటులో స్థిరపడవలసియున్నది.

శాఖల నడుమ మనిషి యెట్లు జారిపోవునో యొక నిదర్శనము ఊహించి చూతము. శ్రీకాకుళపు ప్రాంతమునుండి విజయవాడకు ఇండ్లు కట్టు పనికి వచ్చిన కూలివాడొకడు పరంజా పైనుండి పడి కాలు విరుగగా ధర్మాసుపత్రిలో చేరినాడు. ఎముక అతుకబెట్టి, మంచము మరియొకరికి కావలెనని డాక్టరుగారు అతనిని పంపివేసిరి. అది న్యాయమే. అతడు ఆసుపత్రి గోడప్రక్కన పరుండెను. బాటకు అడ్డమని పోలీసువారు లేపిరి. అదియు వారి విధియే. ఆశ్రయ గృహమునకు పోగా, నడువలేనివానికి ఉపచారము చేయు మనుషులు తమకు లేరని కాపలాదారు చెప్పెను. అదియు నిజమే. పురపాలక సంఘమువారు గృహమును సంస్థకు అప్పగించితిమనిరి. ఎవరును అబద్ధమాడలేదు, ఎవరును క్రూరులు కారు. నెల తిరుగులోపల పుండు ముదిరి ఆ కాలు పోయినచో, ఏ శాఖవారి రిజిస్టరులోను తప్పు కనబడదు.

కాలువక్రింద సేద్యము చేయు మన పాఠకులకు ఇది వేరుగ బోధింపనక్కరలేదు. నీరు వదలితినని ఎగువ లష్కరు చెప్పును; తన హద్దులో పారినదని నడిమివాడు చెప్పును; కొసభూమి రైతు మడి ఎండియుండును. వదలినవాని మాటను బట్టి గాక, మడి తడిసినదో లేదో చూచి లెక్క తేల్చవలెను.

చట్టముమాత్రము గొలుసునందలి కొన్ని లంకెలను చక్కగనే వేసియున్నది. 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టము నూరవ సెక్షను ప్రకారము, మనోవ్యాధిచే తన్ను తాను చూచుకొనలేక తిరుగాడువానిని పోలీసు అధికారి రక్షణలోనికి తీసుకొని 24 గంటలలోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్పవలెను, లాకప్పులో పెట్టరాదు. చేర్చుకొనవలసినంత వ్యాధి లేదని వైద్యులు తేల్చి, అతనికి ఇల్లు లేనిచో, నిరాశ్రయుల ప్రభుత్వ గృహమునకు కొనిపోవలెను. దిక్కులేని బిడ్డను 2015 సంవత్సరపు బాలల న్యాయ చట్టము ప్రకారము ఒక దినములోపల శిశుసంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. 2007 సంవత్సరపు వృద్ధుల చట్టము జిల్లాకు ఒకటైనను, 150మందికి చాలిన వృద్ధాశ్రమమును తలచినది. ఇవి యన్నియు మనిషిని ఒక చేతినుండి మరియొక చేతికి అందించు నియమములు. అందుకొను చేయి సిద్ధముగ లేనిచో, గృహము లేకున్నను, నిండియున్నను, చట్టము వీధిలోనే ఆగిపోవును.

ఏకముగ పనిచేయుట మనకు చేతకాదందురా? రెండు సందర్భములను పోల్చి చూడుడు. 2017 నవంబరులో హైదరాబాదున ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరుగుటకు ముందు పోలీసువారు రెండు నెలలపాటు బిచ్చమెత్తుటను నిషేధించిరి; పట్టుకొన్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి కారాగారపు ఆవరణలలోని ఆశ్రమములకు చేర్చిరి. శాఖలు చురుకుగనే కలిసిపనిచేసినవి, కాని అతిథుల కన్నులకు వీధి శుభ్రముగ కనబడుటకొరకు. ఇల్లు లేమి నేరము కాదు. దానికి కారాగారపు ప్రాంగణము సమాధానము కానేరదు. 2020 మార్చిలో కోవిడు వ్యాధిచే దేశమంతయు మూతపడినప్పుడు వేరొక దృశ్యము కనబడినది. పాఠశాలలు, కల్యాణ మండపములు బసలైనవి. దారిన చిక్కుకొన్నవారికి అన్నమును వైద్యపరీక్షయు ఒకేచోట దొరికినవి. 2005 సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము జిల్లా యంత్రాంగమునంతను కలెక్టరుగారి యధ్యక్షతన ఒక్కచోటికి చేర్చుటయే దీనికి మూలము. ఆ శాఖలే, ఆ యుద్యోగులే; బాధ్యుడు ఒకడైనంతమాత్రమున పని నడచినది.

ఇతర దేశములును ఈ పాఠమును కష్టపడియే నేర్చుకొన్నవి. ఇంగ్లాండులో 1662 సంవత్సరపు చట్టము పుణ్యమా యని ప్రతి గ్రామపరగణాయు పేదవానిని, నీవు మా యూరివాడవు కావని, పొరుగు పరగణాకు తరుముచుండెను. నేడు అచ్చట స్థానిక గృహశాఖయే బాధ్యురాలు. 2018 అక్టోబరునుండి కారాగారములును ఆసుపత్రులును, ఇల్లు లేక వెడలబోవువానిని గూర్చి అతని సమ్మతితో ఆ శాఖకు తెలియజేయవలెను. తెలుపుటతోనే ఇండ్లు పుట్టవు. అచ్చటను ఇండ్ల కొరత తీరలేదు. కాని ఆసుపత్రినుండి వెడలువాడు ఎచ్చటికి పోవునో ముందే యడుగుట మనము గ్రహింపదగిన పద్ధతి.

కావున మేము కోరునవి పెద్ద కోరికలు కావు. ప్రతి పురపాలక సంఘమునందును నిరాశ్రయులకై యొక అధికారిని నియమించి, ఆయన టెలిఫోను సంఖ్యను స్టేషనులోను, ఆసుపత్రిలోను, పోలీసు ఠాణాలోను వ్రాసి యుంచవలెను. ఒక శాఖ మరియొక శాఖకు మనిషిని అప్పగించినప్పుడు, అందుకొన్నవారి సంతకము పడువరకు మొదటి శాఖ బాధ్యత తీరరాదు. భూమి విక్రయమున దస్తావేజు లేనిదే హక్కు మారదు గదా. మనిషి విషయమున ఆపాటి జాగ్రత్త యక్కరలేదా? కలెక్టరుగారు నెలకొకమారు ఈ శాఖలన్నింటిని కూర్చుండబెట్టి, ఖాళీగ పడియున్న సత్రముల, ప్రభుత్వ భవనముల జాబితాను తెప్పించుకొనవలెను. రోగమునుండి కోలుకొనువారికి ఆసుపత్రి సమీపమున ప్రత్యేకముగ కొన్ని మంచములుండవలెను. జమాఖర్చును కౌన్సిలు సమావేశమున చదివి వినిపింపవలెను. ఏ యూరివాడని యడుగక, ఆ రాత్రి ఆ పట్టణమున నున్నవాడు ఆ పట్టణపు బాధ్యతయే యని యంగీకరింపవలెను.

ఇట్టి గృహములు సోమరులను పెంచునని కొందరందురు. రాళ్లెత్తి, బండ్లు లాగి, హోటళ్లలో పాత్రలు తోమి అలసిన దేహములే ఆ అరుగులమీద పరుండునవి. మరికొందరు గృహము కావలసినదే గాని మా వీధిలో వలదందురు. ప్రతి వీధివారును ఇట్లే చెప్పినచో గృహము ఊరి వెలుపల లేచును. పని దొరకు మార్కెటుకును స్టేషనుకును దూరమగుటచే ఖాళీగ నుండును. దానిని చూపి, నిరాశ్రయులు రారని లెక్క వ్రాయుదురు. ఈ తప్పునందు శాఖలకంటె మన వంతే యెక్కువ.

కౌన్సిలులకు ప్రతినిధులను పంపువారు మన పాఠకులు. సత్రములకు మాన్యములిచ్చిన వంశములవారును వారిలో పలువురు కలరు. ఈ సంవత్సరము చలి ముదురకముందే తమ కౌన్సిలరును ఒక్క ప్రశ్న యడుగుదురుగాక: మన యూర ఈ రాత్రి అరుగుమీద పరుండినవానికి జవాబుదారుడెవడు? ఒక పేరు చెప్పగలిగినచో సంతోషము. నాలుగు శాఖల పేర్లు చెప్పినచో, పుచ్చి చచ్చిన గొర్రె సామెతను వారికి జ్ఞాపకము చేయవలెను.