గుర్రం కాలు దువ్వడంలో అర్థమేమిటి?

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలలో వాహనసేవకు ముందు గజ, తురగ, వృషభాలు మాడవీధులలో నడవడం భక్తమహాశయులందరూ ఎరిగినదే. ఎనిమిదవనాటి రాత్రి స్వామివారు అశ్వవాహనంపై కల్కి అలంకారంలో దర్శనమిస్తారు. ఊరేగింపు ఆగినప్పుడు ముందు నిలిచిన గుర్రం ముంగాలితో నేలను గీరుతుంది. స్వామి రాకకు తొందరపడుతున్నదని కొందరు చేతులు జోడిస్తారు. ఆకలితో అడుగుతున్నదని మరికొందరు బెల్లం ముక్కో, అరటిపండో అందిస్తారు. పశువైద్యునిగా మొదటి భావనపై నాకు ఆక్షేపణ లేదు. రెండవదానిని గురించే ఈ నాలుగు మాటలు.

మన నుడిలో కాలు దువ్వడమంటే కయ్యానికి సిద్ధపడడం. అది ఆబోతుకు తగినంతగా గుర్రానికి తగదు. గుర్రం సహజంగా రోజులో అధికభాగం మేస్తూ, అడుగులు వేస్తూ గడిపే ప్రాణి. దానిని కట్టి నిలిపినప్పుడు, నడవవలసిన కాలు నేలను తవ్వుతుంది. దాణా వచ్చే వేళ, తోటి గుర్రం కనుమరుగైన వేళ, మేళతాళాల నడుమ నిరీక్షణ పెరిగిన వేళ ఇది ఎక్కువ. దొర్లబోయే ముందు ఇసుకను గీరడమూ ఉన్నది. అది దోషం కాదు.

తవ్వుతున్న గుర్రానికి బెల్లం పెడితే అది గ్రహించేది ఒక్కటే: నేల తవ్వితే తీపి వస్తుంది. మరునాడు మరింత తవ్వుతుంది. రాతిబండలపై గిట్ట అరుగుతుంది, లాడం వదులవుతుంది, కీళ్ళకు శ్రమ కలుగుతుంది. గద్దించడమూ దానికి ఒక పలకరింపే. కొడితే భయం చేరుతుంది గాని అలవాటు పోదు. ముంగాళ్ళు బిగించి కట్టడం మరీ ప్రమాదం. తూలి పడి కాలు విరుచుకోవచ్చు.

మాన్పించే మార్గం ఓర్పుతో కూడినది. నాలుగు కాళ్ళూ నేలపై నిలిచిన క్షణాననే దాణా గంప ముందుకు రావాలి. తవ్వితే సాహిణి గంపతో వెనుకకు జరగాలి. తొలిదినాలలో గుర్రం మునుపటికంటె ఉధృతంగా తవ్వుతుంది. అప్పుడు జాలిపడి పెట్టామా, పడిన శ్రమంతా వ్యర్థం. రెండు క్షణాల నిలకడను క్రమంగా నిమిషాలకు పెంచాలి. దీనికి తోడు ఎండుగడ్డి రోజంతా కొద్దికొద్దిగా అందాలి, ఇరుపూటలా నడక ఉండాలి, కనుచూపు మేరలో తోటి జంతువు ఉండాలి. మన సీమలో గుర్రానికి పరిపాటి అయిన ఉలవలు మంచివే, ఉడికించి మితంగా పెడితే. పూర్వులు ఈ విద్యను తేలికగా తీసుకోలేదు; విజయనగర ప్రభువులు అరబ్బు, పారశీక దేశాల గుర్రాలను ఓడలపై తెప్పించుకున్నారు, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమే రచించాడు.

అయితే ప్రతి దువ్వడమూ అలవాటు కాదు. తవ్వుతూ మాటిమాటికి డొక్కవైపు తిరిగి చూసుకుంటున్నా, పడుకొని లేస్తున్నా, చెమటలు పట్టినా, మేత ముట్టకున్నా, లద్దె వేయకున్నా అది కడుపుశూల. గుర్రం వాంతి చేసుకోలేదు; కొన్ని గంటలలోనే ప్రాణం మీదికి రావచ్చు. మేత తొలగించి వెంటనే వైద్యుని పిలవాలి. తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల ఉండడం ఈ ప్రాంతపు భాగ్యం. వందమంది భక్తితో తలా ఒక పండు పెట్టిన రోజున ఇట్టి శూలకు అవకాశం ఎక్కువ.

కనుక ఊరేగింపులోని గుర్రానికి చేతితో ఏమీ తినిపించవద్దని మనవి. గడ్డి, ఉలవలు సమర్పించదలచినవారు ఆలయ పశుశాలలో అప్పగిస్తే సంరక్షకులు కొలిచి, వేళకు పెడతారు.