మదర్‌బోర్డుకు విద్యుత్ తీగల అనుసంధానం

మదర్‌బోర్డుకు విద్యుత్ తీగల అనుసంధానం అనగా కంప్యూటరు క్యాబినెట్‌లోని విద్యుత్ సరఫరా పరికరం నుండి వచ్చే తీగలను మదర్‌బోర్డుపై వాటికి నిర్దేశించిన సాకెట్లలో బిగించడం. ఈ పరికరాన్ని భారతదేశంలో దుకాణదారులు, మరమ్మతు చేసేవారు ఎక్కువగా ఎస్.ఎమ్.పి.ఎస్. అని వ్యవహరిస్తారు. గోడ సాకెట్టు నుండి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఇది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. సాధారణ డెస్క్‌టాప్ కంప్యూటరులో మదర్‌బోర్డుకు కనీసం రెండు తీగల కట్టలు బిగించాలి. ఒకటి 24 పిన్నుల ప్రధాన కనెక్టరు, రెండవది ప్రాసెసరు కొరకు ప్రత్యేకించిన 4 లేదా 8 పిన్నుల కనెక్టరు. ప్లగ్గు ఆకారమే తప్పుగా గుచ్చకుండా చాలావరకు అడ్డుకుంటుంది. అయితే ఆ రక్షణ లేని చోట్లు కొన్ని ఉన్నాయి. బోర్డులు, డిస్కులు కాలిపోయే సంఘటనలలో అనేకం అక్కడే జరుగుతాయి.

చరిత్ర

1981లో వచ్చిన ఐ.బి.ఎమ్. పి.సి.లోను, 1984 నాటి ఏ.టి. నమూనాలోను మదర్‌బోర్డుకు పి8, పి9 అనే రెండు ఆరు పిన్నుల ప్లగ్గులు ఉండేవి. రెండూ ఒకే రూపంలో ఉండి పక్కపక్కన గుచ్చవలసి రావడంతో ఒకదాని స్థానంలో మరొకటి పెట్టే అవకాశం ఉండేది. అలా పెడితే గ్రౌండు ఉండవలసిన చోటికి 5 వోల్టులు చేరి బోర్డు పాడయ్యేది. అందుకే "నల్ల తీగ పక్కన నల్ల తీగ" అనే గుర్తును ఆనాటి మెకానిక్కులు కంఠస్థం చేసేవారు. రెండు ప్లగ్గుల నల్ల తీగలు మధ్యలో కలిసి ఉంటే అమరిక సరైనదని అర్థం. తరువాతి ఏ.టి. తరహా క్యాబినెట్లలో మరొక ప్రమాదం కూడా ఉండేది. గోడ విద్యుత్తు నేరుగా క్యాబినెట్ ముందు భాగంలోని స్విచ్ వరకు వచ్చేది.

1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణం ఈ రెండు ప్లగ్గులను తొలగించి, 20 పిన్నులు గల ఒకే కనెక్టరును ప్రవేశపెట్టింది. 3.3 వోల్టుల సరఫరా కూడా దీనితోనే మొదలైంది. 2000లో ప్రాసెసరు కొరకు 4 పిన్నుల అదనపు కనెక్టరు చేరింది. 2003 నాటి సవరణలో ప్రధాన కనెక్టరు 24 పిన్నులకు పెరిగింది. అలా చేరిన నాలుగు పిన్నులు 12, 5, 3.3 వోల్టులకు ఒక్కొక్కటి, గ్రౌండుకు ఒకటి. 2019లో ఇంటెల్ 12 వోల్టులు మాత్రమే పంపే 10 పిన్నుల కనెక్టరును కూడా రూపొందించింది గాని, విడిభాగాలతో కూర్చుకునే కంప్యూటర్లలో ఇది అరుదు.

ప్రధాన కనెక్టరు

ఏ.టి.ఎక్స్. ప్రమాణంలో ప్రతి తీగకు ఒక రంగు ఉంది. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నారింజ 3.3 వోల్టులు, నలుపు గ్రౌండు. నీలం తీగ ఋణ 12 వోల్టులది. ఇటీవలి సరఫరా పరికరాలలో తీగలన్నీ నలుపు రంగులోనే వస్తున్నందున రంగును బట్టి కాక, పిన్ను స్థానాన్ని బట్టి గుర్తించవలసి ఉంటుంది.

కంప్యూటరు మొదలయ్యే తీరును అర్థం చేసుకోవడానికి మూడు తీగలు ముఖ్యం. ఊదా తీగలో, గోడ స్విచ్ వేసి ఉన్నంతకాలం, కంప్యూటరు ఆపివేసి ఉన్నా 5 వోల్టులు ఉంటాయి. ముందు బొత్తాన్ని నొక్కినప్పుడు మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. అప్పుడు మాత్రమే మిగిలిన సరఫరాలన్నీ మొదలవుతాయి. వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని నిర్ధారణ అయ్యాక, సుమారు 100 నుండి 500 మిల్లీసెకన్లలో బూడిద రంగు తీగ ద్వారా సంకేతం వస్తుంది. ఆ సంకేతం వచ్చేవరకు బోర్డు ప్రాసెసరును పనిచేయనివ్వదు. ఆపివేసిన కంప్యూటరులో బోర్డుపై చిన్న దీపం వెలుగుతూ ఉండటానికి కారణం ఊదా తీగయే. ఆ దీపం వెలుగుతుండగా ఏ తీగనూ పీకరాదు, గుచ్చరాదు.

ప్రాసెసరు తీగ

ప్రాసెసరుకు వేరే తీగ ఎందుకు అవసరమైందో చిన్న లెక్కతో తెలుస్తుంది. 95 వాట్ల ప్రాసెసరుకు 5 వోల్టుల ద్వారా శక్తి పంపాలంటే 19 ఆంపియర్లు ప్రవహించాలి. 12 వోల్టుల ద్వారా అయితే దాదాపు 8 ఆంపియర్లు చాలు. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక, అవే తీగలలో వేడి సుమారు ఆరవ వంతుకు తగ్గుతుంది. ఆ 8 ఆంపియర్లను కూడా నాలుగు పిన్నుల కనెక్టరులో రెండు పసుపు తీగలు పంచుకుంటాయి. ప్రాసెసరు పక్కనే ఉండే వోల్టేజి నియంత్రకాలు ఈ 12 వోల్టులను సుమారు 1 వోల్టుకు దించుతాయి. ఆ చివరి కొద్ది సెంటీమీటర్లలో ప్రవాహం దాదాపు వంద ఆంపియర్లకు చేరుతుంది. నియంత్రకాలను ప్రాసెసరుకు అంత దగ్గరగా అమర్చడం ఇందుకే.

8 పిన్నుల రకంలో నాలుగు పసుపు, నాలుగు నల్ల తీగలు ఉంటాయి. చాలా సరఫరా పరికరాలలో ఇది రెండు నాలుగు పిన్నుల ముక్కలుగా విడిపోతుంది.

ఒకేలా కనిపించే కనెక్టర్లు

గ్రాఫిక్స్ కార్డుకు వాడే తీగకు కూడా 8 పిన్నులు ఉంటాయి. చూపుకు ఇది ప్రాసెసరు తీగ వలెనే ఉన్నా, ఇందులో 12 వోల్టుల తీగలు మూడే, మిగిలిన అయిదూ గ్రౌండు వైపువి. పైగా 12 వోల్టుల వరుస, గ్రౌండు వరుస ఒకదాని స్థానంలో మరొకటి ఉంటాయి. కొన్ని పిన్నుల గదులు చదరంగాను, మరికొన్ని మూలలు కోసినట్లుగాను ఉండటం ఈ రెండింటినీ వేరుచేయడానికే. మెత్తని ప్లాస్టిక్ కావడం వలన బలవంతం చేస్తే తప్పు ప్లగ్గు కూడా లోపలికి దిగే ప్రమాదం ఉంది. దిగితే షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. సజావుగా దిగని ప్లగ్గును నొక్కడం మాని, దాని గదుల ఆకారాన్ని సాకెట్టుతో పోల్చి చూడాలి.

ఇంతకంటే ప్రమాదకరమైనది విడదీయగల తీగలు గల సరఫరా పరికరం. వీటిలో తీగకు రెండు కొసలూ ప్లగ్గులే. మదర్‌బోర్డు వైపు కొసకు ప్రమాణం ఉంది. సరఫరా పరికరం వైపు కొసకు ఏ ప్రమాణమూ లేదు. ఒక సంస్థ తీగ మరొక సంస్థ పరికరంలో చక్కగా దిగవచ్చు, కాని 5 వోల్టుల చోట 12 వోల్టులు రావచ్చు. ఒకే సంస్థ రెండు నమూనాల మధ్య కూడా ఈ తేడా ఉంటుంది. పాత పరికరం చెడిపోయినప్పుడు దాని తీగలను క్యాబినెట్‌లోనే ఉంచి, కొత్తదానికి తగిలించి హార్డ్ డిస్కులోని సమాచారాన్ని పోగొట్టుకున్నవారు ఉన్నారు. పరికరం మారిస్తే తీగలనూ మార్చవలసిందే.

బిగించే విధానం

మొదట గోడ ప్లగ్గు తీసివేసి, ముందు బొత్తాన్ని ఒకటి రెండు సార్లు నొక్కితే కెపాసిటర్లలో మిగిలిన విద్యుదావేశం చాలావరకు ఖర్చవుతుంది. చేతిని క్యాబినెట్ లోహానికి తాకించి స్థిర విద్యుత్తును తొలగించుకోవాలి. ప్రధాన ప్లగ్గుపై ఉన్న కొక్కెం సాకెట్టుపై ఉన్న చిన్న గూటికి ఎదురుగా ఉండేలా పట్టుకుని, నిటారుగా నొక్కాలి. 24 పిన్నుల ప్లగ్గుకు కొంత బలం అవసరం. బోర్డు వంగకుండా రెండవ చేతితో అంచును ఆనించడం మంచిది. కొక్కెం గూటిపై పడినప్పుడు చిన్న శబ్దం వస్తుంది. ప్లగ్గు 20, 4 పిన్నుల రెండు ముక్కలుగా ఉంటే, ముందుగా ఆ ముక్కలను కలిపి పట్టుకుని ఒకేసారి గుచ్చాలి. తీసేటప్పుడు కొక్కేన్ని నొక్కిపట్టి ప్లగ్గును లాగాలి, తీగలను పట్టుకుని లాగరాదు.

గోడ విద్యుత్తు, ఎర్త్

పాత సరఫరా పరికరాలలో వెనుక వైపు 115, 230 అని గుర్తులున్న చిన్న ఎర్ర స్విచ్ ఉండేది. అమెరికా నుండి తెచ్చుకున్న కంప్యూటరులో అది 115 వద్ద ఉండగానే భారతదేశంలో గోడకు తగిలిస్తే, పెద్ద శబ్దంతో పరికరం పాడయ్యేది. కొత్త పరికరాలలో చాలావరకు వోల్టేజిని తామే గుర్తిస్తాయి.

ఎర్త్ తీగ పనిచేయని ఇళ్ళలో క్యాబినెట్‌ను తాకితే చేయి జివ్వుమంటుంది. పరికరంలోని వడపోత కెపాసిటర్ల మూలంగా లోహపు పెట్టెకు గోడ వోల్టేజిలో సుమారు సగం చేరడమే దీనికి కారణం. ప్రవాహం అతి స్వల్పమైనా, ఇది ఎర్త్ లేదనడానికి గుర్తు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులదిగా మార్చే అడాప్టరు వాడినా ఇదే పరిస్థితి.

సాధారణ లోపాలు

ఫ్యాన్లు తిరుగుతూ తెరపై ఏమీ రాకపోతే ముందుగా ప్రాసెసరు తీగను చూడాలి. అది సాధారణంగా బోర్డు పై మూలలో, ఫ్యాను వెనుక ఉండటం వలన మరచిపోవడం మామూలే. బోర్డుపై దీపం వెలుగుతున్నా బొత్తం నొక్కితే ఏమీ జరగకపోతే, ముందు స్విచ్ నుండి వచ్చే రెండు పిన్నుల సన్నని తీగ ఊడిందేమో పరిశీలించాలి. ఈ స్విచ్ తీగను ఎటు తిప్పి పెట్టినా ఒకటే. దీపాల తీగలకు మాత్రం ధన, ఋణ భేదం ఉంది. కొన్ని నెలలు బాగా పనిచేసి, తరువాత దానంతట అదే ఆగిపోతున్న కంప్యూటరులో ప్లగ్గును తీసి పిన్నుల గదులను చూడాలి. ఏదైనా గది గోధుమ రంగుకు మారి ఉంటే అక్కడ పిన్ను వదులై వేడెక్కుతున్నదని అర్థం. అలాంటి తీగను తిరిగి బిగించి వాడకూడదు. సాకెట్టు కూడా మాడి ఉంటే దానిని మార్పించాలి.